కదలొద్దుగారి వ్యాకరణం

"ఆయన నీ తమ్ముడి పేషెంటు కాదత్తా! నా మొగుడు!"

"అబ్బో, మాకు తెలీదు మరి! ఆ రోజు సాక్షి సంతకం పెట్టింది నేనేనే."

"అయితే చెప్పు నీ తమ్ముడికి. మనిషి కనబడితే చాలు, రా, నిలబడు, పో. నిన్న అన్నం తింటూ ఆయన మంచినీళ్ల కోసం లేవబోతే 'ఏయ్, కదలకు!' అని ఒకటే అరుపు. ముద్ద గొంతుకి అడ్డంపడి చచ్చినంత పనైంది ఆయనకి."

"నువ్వు లేవకు బాబూ, నేను తెస్తాను అని వాడి ఉద్దేశం."

"ఉద్దేశం నీకు తెలుసు, నాకు తెలుసు. ఆయనకి ఎలా తెలుస్తుంది? వాళ్ల భాషలో అలా ఎవరితో మాట్లాడతారో తెలుసా? గొడ్లతో."

"వాడికి వచ్చింది ఆ నాలుగు ముక్కలేనే పిచ్చిమొహమా. వచ్చినంతలో మాట్లాడుతున్నాడు."

"అంతే వచ్చినప్పుడు నోరు మూసుకుని కూర్చోవచ్చుగా! చూడత్తా, ముందే చెప్తున్నా. రెండు వీధుల అవతల ఇల్లు చూశాం. ఆయనకి నచ్చింది. నెలాఖరుకి వెళ్లిపోతాం. నాన్నకి నేనే నెమ్మదిగా చెప్తాను. నువ్వు నోరు జారకు."

నోరు జారాల్సిన అవసరం అత్తకి లేకుండానే పోయింది. ఆ నాన్న వీధి మెట్టు మీద కూర్చుని, ఒక బూటు విప్పేసి, రెండో బూటు లేసు వేళ్ల మధ్య పట్టుకుని ఉన్నాడు. వంటింటి కిటికీ సరిగ్గా ఆ మెట్టు నెత్తినే ఉంది. విప్పిన బూటు మళ్లీ తొడుక్కుని, చప్పుడు కాకుండా గేటు తీసుకుని, వీధి చివరిదాకా పోయి వచ్చాడు. ఈసారి గేటు దగ్గరే గట్టిగా దగ్గాడు. లోపల మాటలు ఆగిపోయాయి. కూతురు గుమ్మంలోకి వచ్చి, "వచ్చావా నాన్నా, టీ పెట్టనా?" అంది, ఏమీ జరగనట్టు. ఆయనా ఏమీ విననట్టే తాగాడు.

పెద్దాసుపత్రిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. డాక్టర్ల దగ్గర్నుంచి తుడిచేవాళ్ల దాకా అందరికీ ఆయన కదలొద్దుగారు. ఎక్స్‌రే గదిలో ఆయన నోటి నుంచి రోజంతా వచ్చే మాట అదే కాబట్టి ఆ బిరుదు దానంతటదే అతుక్కుంది. మొదట్లో కోపమొచ్చేది. తర్వాత ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే తనని కాదనుకుని వెళ్లిపోయేంత అలవాటైంది.

ఊరు రేవు ఊరు. ఓడల మీద పనిచేసేవాళ్లు, గోడౌన్లలో మూటలు మోసేవాళ్లు, కట్టడాల మీద కూలికి వచ్చినవాళ్లు, ఎక్కడెక్కడి జనమో ఆ ఆసుపత్రికే వస్తారు. కదలొద్దుగారు ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ముసలాయన ఆ గది చూసేవాడు. యంత్రం గురించి చెప్పింది తక్కువ, మాటల గురించి చెప్పింది ఎక్కువ. "ఒరేయ్, వచ్చేవాడికి నీ భాష రాదు. వాడు కదిలితే బొమ్మ చెడుతుంది. అందుకని ఎవడి భాషలో వాడికి తొమ్మిది మాటలు చెప్పడం నేర్చుకో, నీ జన్మకి చాలు" అన్నాడు. రా. చొక్కా విప్పు. నిలబడు. గడ్డం ఎత్తు. ఊపిరి పీల్చు. బిగబట్టు. కదలకు. వదులు. అయిపోయింది, పో. ముసలాయన ఎంత పొట్టిగా నేర్పాడో అంత పొట్టిగానే నేర్చుకున్నాడు ఈయన. ఊపిరి బిగబట్టిన మనిషి ముందు మర్యాదలు పలికే తీరిక ఎవరికుంటుంది? అలా ఇంగ్లీషుతో కలిపి ఏడు భాషలొచ్చాయి. ఎవరైనా అడిగితే, "ఏడు భాషల్లో పని నడిపేస్తాను" అనేవాడు కొంచెం ఛాతీ పొంగించి. నిజమే, పని నడిచేది. ఏ దేశం మనిషైనా ఆయన చెప్పినట్టు గడ్డం ఎత్తాడు, ఊపిరి ఆపాడు.

ఇంకో సంగతి ఉంది. అది ఆయనకే తెలీదు. కదలకు అనే మాట నోట్లో ఉండగానే ఆయన కాళ్లు వెనక్కి తిరుగుతాయి. సీసం రేకు కొట్టిన గోడ ఒకటి ఉంటుంది గది మూల. దాని వెనక్కి వెళ్లి, చిన్న అద్దంలోంచి చూసి, బొత్తాం నొక్కుతాడు. మళ్లీ బయటికొచ్చేసరికి అవతలి మనిషి చొక్కా వెతుక్కుంటూ ఉంటాడు. ఇన్నేళ్లలో ఆయన ఎవరికీ ఒక మాట చెప్పి, తిరిగి వాళ్లు ఏమంటారోనని నిలబడింది లేదు. జవాబు నోటితో రాదు ఆ గదిలో, బొమ్మలో వస్తుంది.

భార్య బతికున్నన్నాళ్లూ ఇంట్లో మాట్లాడే పని ఆమె చూసుకుంది. ఆమె పోయాక అక్క వచ్చి ఇల్లు చూసుకుంటోంది. కూతురు చదువుకుని వేరే ఊళ్లో ఉద్యోగంలో చేరి, అక్కడ పడవల కంపెనీలో నమూనాలు గీసే కుర్రాణ్ణి ఇష్టపడింది. వేరే భాషవాడు. ఈయన కాదనలేదు. కుర్రాడి మొహం చూసి మంచివాడనుకున్నాడు, అంతే. ఈ ఏడాది కంపెనీవాళ్లు ఆ కుర్రాణ్ణి ఈ ఊరికే మార్చారు. "ఇంత ఇల్లు పెట్టుకుని అద్దె ఇల్లెందుకు, వచ్చేయండి" అన్నాడు ఈయనే, సంబరపడిపోతూ.

అల్లుడు మొదటిసారి గుమ్మం ఎక్కిన రోజు మండిపోయే ఎండ. మామగారు ఎదురెళ్లి, పెట్టె అందుకుని, అతని భాషలో గొంతెత్తి, "రా!" అన్నాడు. అల్లుడు వచ్చాడు. "నిలబడు!" నిలబడ్డాడు. చెమటతో తడిసిన అతని చొక్కా చూసి జాలేసి, ఫ్యాను వేసి, "చొక్కా విప్పు!" అన్నాడు. అల్లుడు పెళ్లాం మొహంలోకి చూశాడు. పెళ్లాం గోడ వంక చూసింది. అక్క ఒక్కతే, "ఏమన్నావురా, అంతలా ఎర్రబడ్డాడు?" అని అడిగింది.

అప్పట్నుంచి అల్లుడు మామగారు ఎదురైతే ఒక్క క్షణం బిగుసుకుని నిలబడేవాడు, ఆసుపత్రిలో నిలబడ్డట్టే. మామగారు దాన్ని గౌరవం అనుకున్నాడు. మెట్టు మీద కూర్చుని వంటింటి మాటలు వినేదాకా అలాగే అనుకున్నాడు.

ఆ ఇంటి మేడ మీద గదిలో ఒక కుర్రాడు అద్దెకుంటాడు. కాలేజీ మధ్యలో వదిలేసి, నాలుగైదు ఊళ్లు తిరిగి, హోటళ్లలో, లారీ ఆఫీసుల్లో పనిచేసి, ఏ పనీ అచ్చిరాక చివరికి తిరిగిన ఊళ్ల భాషలు నలుగురికి నేర్పి బతుకుతున్నాడు. డిగ్రీ లేదు, మొహమాటం అసలే లేదు. మర్నాడు సాయంత్రం కదలొద్దుగారు మెట్లెక్కి వెళ్లి, తలుపు దగ్గర నిలబడి, "ఏమోయ్, గ్రామరంటే ఎన్నాళ్లు పడుతుంది?" అని అడిగాడు.

"ఎవరికి బాబాయ్?"

"నాకే."

"మీకెందుకు? ఏడు భాషలొచ్చుగా?"

"వచ్చు. కానీ అల్లుడితో మాట్లాడ్డానికి పనికి రావట్లేదు."

కుర్రాడు విషయమంతా విన్నాడు. నవ్వు ఆపుకోలేదు. "బాబాయ్, కోపం తెచ్చుకోకండి. మీకు ఏడు భాషలు రావు. అదిలించడం ఒక్కటే వచ్చు, దాన్నే ఏడు రకాలుగా చేస్తారు. కూర్చోండి."

కదలొద్దుగారికి చర్రుమంది. అయినా కూర్చున్నాడు. నెలాఖరుకి నాలుగు వారాలు కూడా లేవు.

ఆ సమయానికి గదిలో ఇంకో ఇద్దరుంటారు. ఒక టాక్సీ డ్రైవరు, బట్టల కొట్టులో పనిచేసే ఒకమ్మాయి. మొదటి రోజే కుర్రాడు డ్రైవర్నీ కదలొద్దుగారినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఇంగ్లీషులో మాట్లాడుకోమన్నాడు. డ్రైవరుకి ప్రశ్నలు తప్ప ఏమీ రావు. "వేర్ టు గో? హౌ మెనీ పీపుల్?" అని అడిగాడు. కదలొద్దుగారు గట్టిగా ఆలోచించి, "డోంట్ బ్రీద్!" అన్నాడు.

"ఇదేం బేరమండీ బాబూ," అన్నాడు డ్రైవరు. "బండెక్కకముందే చంపేస్తున్నాడు."

బట్టల కొట్టమ్మాయి పడీ పడీ నవ్వింది. "నీదీ అదే తంతు," అన్నాడు కుర్రాడు ఆమెతో. "ఏది అడిగినా 'వెరీ నైస్, వెరీ నైస్' తప్ప ఇంకోటి రాదు. ఎవరి పనికి ఎంత కావాలో అంత ముక్క కోసుకుని పోయారు మీరు ముగ్గురూ. మిగతా భాషంతా అలాగే పడుంది. పదండి, మొదట్నుంచీ."

మొదలంటే 'నేను' అనే మాట. తన గురించి ఒక వాక్యం చెప్పమన్నాడు కుర్రాడు. కదలొద్దుగారు నోరు తెరిచి, అక్కడే ఉండిపోయాడు. ఏడు భాషల్లోనూ 'నేను' అనే మాటతో ఆయనకి పని పడలేదు ఇంతవరకూ. ఎంతసేపూ నువ్వు చెయ్యి, నువ్వు ఆపు. "ఐ," అన్నాడు. "ఐ యామ్ ఎక్స్‌రే."

"మీరు ఎక్స్‌రే కాదు బాబాయ్. మనిషి."

పట్టు వదల్లేదు ఆయన. పొద్దున డ్యూటీకి నడుస్తూ, మధ్యాహ్నం డబ్బా విప్పుతూ, పెదాలు కదుపుతూనే ఉండేవాడు. జరుగుతున్నదానికి ఒక రూపం, జరిగిపోయినదానికి ఇంకో రూపం అని చెప్పిన రోజు ముగ్గుర్నీ తలో వాక్యం అడిగాడు కుర్రాడు. డ్రైవరు తన పాత బండి గురించి చెప్పాడు. కదలొద్దుగారు, "మై వైఫ్ వాజ్ ఎ టీచర్," అన్నాడు. తప్పు లేకుండా, తడబడకుండా. బట్టల కొట్టమ్మాయి అలవాటుగా వెరీ నైస్ అనబోయి ఆగిపోయింది. 

ఇంగ్లీషు ఎముకల గూడు కొంచెం అర్థమయ్యాక కుర్రాడు అల్లుడి భాషలోకి దింపాడు. అక్కడ మర్యాద మాటలు వేరే ఉన్నాయని తెలిసి కదలొద్దుగారు తల పట్టుకున్నాడు. "అంటే ఇన్నాళ్లూ నేను అతన్ని ఒరేయ్ అన్నట్టేనా?"

"అంతకన్నా ఒక మెట్టు కిందే బాబాయ్."

"ఎవడూ చెప్పలేదేం?"

"పేషెంట్లు ఊపిరి బిగబట్టి ఉన్నారు కదా, ఎలా చెప్తారు?"

ఒక్క వాక్యం చాలన్నాడు కదలొద్దుగారు. ఈ ఇంట్లో మీకేమైనా ఇబ్బందిగా ఉందా? అంతే. అది అతని భాషలో, ఎక్కడా అదిలించినట్టు కాకుండా, పెద్దమనిషి అడిగినట్టు రావాలి. వారం రోజులు దాన్నే అరగదీశాడు. స్నానాల గదిలోంచి ఆ వింత శబ్దాలు విని అక్క తలుపు బాదింది. "ఒరేయ్, పంటి నొప్పా? మాట్లాడేది నాతోనా, బకెట్టుతోనా?"

ఆ సాయంత్రం అల్లుడు ముందు గదిలో కూర్చుని కంపెనీ కాగితం మీద పెన్సిలుతో ఏదో గీస్తున్నాడు. కూతురు వంటింట్లో ఉంది. కదలొద్దుగారు చొక్కా సర్దుకుని, వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు. అల్లుడు ఎప్పటిలాగే లేచి బిగుసుకున్నాడు. మామగారు గొంతు తగ్గించి అడిగాడు. ప్రతి మాటా ఉండాల్సిన చోట ఉంది. 'మీరు' అన్న మాట మీరులాగే పలికింది. అల్లుడి కళ్లు పెద్దవయ్యాయి. పెన్సిలు కింద పెట్టాడు. జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు.

అప్పటికే మామగారు వెనక్కి తిరిగి నడుస్తున్నాడు. నాలుగంగల్లో వంటింటి గుమ్మం దాటి, తలుపు వెనక్కి చేరి, సందులోంచి అల్లుడి వంక చూస్తూ, ఎడమ చేత్తో గోడ తడిమి, అలవాటైన ఎత్తులో ఉన్న బొత్తాం నొక్కాడు. ముందు గదిలో దీపం ఆరిపోయింది.

"అయిపోయింది!" అన్నాడు తలుపు వెనకనుంచి, అల్లుడి భాషలో.

చీకట్లో అల్లుడు నోరు తెరుచుకునే ఉన్నాడు. "నాన్నా!" అని అరిచింది కూతురు. అక్క వచ్చి దీపం వేసి, తమ్ముణ్ణి ఎగాదిగా చూసి, "అడిగి పారిపోతావేంట్రా? అంత భయమైతే అడగడమెందుకు?" అంది. కదలొద్దుగారు తన చేతిని తనే చూసుకున్నాడు, ఎవరిదో అన్నట్టు. అల్లుడు మళ్లీ పెన్సిలు తీసుకుని తల వంచుకున్నాడు. ఆ రాత్రి వాళ్ల గదిలో పెట్టెలు జరిపిన చప్పుడు ఆయనకి వినిపించింది.

"తప్పెక్కడుందోయ్?" అని అడిగాడు మర్నాడు మేడ మీద.

కుర్రాడు వాక్యం మళ్లీ చెప్పించుకుని విన్నాడు. "వాక్యంలో లేదు. నా దగ్గర మీరు నేర్చుకోవాల్సింది నేర్చుకున్నారు. కాళ్ల సంగతి నేను చూడలేను బాబాయ్. ఎదుటివాడు చెప్పేదాకా ఉండాలి అని ఏ గ్రామరు పుస్తకంలోనూ రాయరు. అందరికీ తెలుసనుకుంటారు."

"నాకు తెలీదా?"

"తెలీదు. మొహమాటానికి తెలుసంటే మీకే నష్టం."

ఆ వారంలోనే పడవల కంపెనీ వాళ్లకి ఏటేటా జరిగే ఆరోగ్య పరీక్షలొచ్చాయి. కంపెనీ ఒప్పందం చేసుకున్న ఆసుపత్రి ఇదే. అల్లుడు తన తోటివాళ్లతో ఎక్స్‌రే గది బయట బల్ల మీద కూర్చున్నాడు. తలుపు తీసి మూసినప్పుడల్లా లోపలి మాటలు వినబడేవి. ఒక ఓడ సరంగు వెళ్లాడు, అతని భాషలో అవే తొమ్మిది మాటలు. చంకలో పిల్లతో ఒకామె వెళ్లింది, ఆమె భాషలో అవే తొమ్మిది, కాకపోతే పిల్ల కోసం కొంచెం రాగం తీసి. లోపలికి వెళ్లేటప్పుడు భయంగా ఉన్నవాళ్లు బయటికొచ్చేటప్పుడు అంత భయంగా లేరు. అల్లుడు ఒక్కొక్కర్నీ చూస్తూ, వింటూ, ఇంట్లో తను విన్న అరుపులు ఇవేనని తట్టి, మెల్లగా ముందుకి వంగి కూర్చున్నాడు.

అతని వంతు వచ్చింది. మామగారు ఒక్క నిమిషం తడబడి, ఇంకో దారిలేక మొదలుపెట్టాడు. "రండి. చొక్కా విప్పండి." ఈసారి మర్యాద తగిలించాడు. అల్లుడు విప్పాడు. "నిలబడండి. గడ్డం ఎత్తండి. ఊపిరి పీల్చండి. బిగబట్టండి. కదలొద్దు!"

మామగారు గోడ వెనక్కి వెళ్లి బొత్తాం నొక్కాడు. తెర మీద బొమ్మ వచ్చింది. పక్కటెముకలన్నీ అలికినట్టున్నాయి. అద్దంలోంచి చూస్తే, అల్లుడి భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. జబ్బేమోనని హడలిపోయి బయటికి ఉరికాడు. జబ్బు కాదు. నవ్వు. చొక్కా విప్పు దగ్గర మొదలై ఆగట్లేదు.

"కదలకు!" అని కసిరాడు మామగారు, మర్యాదా గిర్యాదా మర్చిపోయి. అల్లుడు ఇంకా నవ్వాడు. రెండోసారి తీయాల్సి వచ్చింది.

"వదలండి," అన్నాడు చివరికి. తర్వాతి మాట అయిపోయింది, పో. అది అనలేదు. గోడ వెనకనుంచి వచ్చి, ఇంతకుముందు అల్లుడు ఛాతీ ఆనించిన ఇనుప చట్రాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు, కాళ్లు మాట వినవని తెలుసు కాబట్టి. అలా పట్టుకునే అడిగాడు. ఈ ఇంట్లో మీకేమైనా ఇబ్బందిగా ఉందా?

గది ఇల్లు కాదని ఇద్దరికీ తట్టలేదు. అల్లుడు బొత్తాలు పెట్టుకోవడం ఆపి, "ఉంది," అన్నాడు.

ఆ ఒక్క మాట స్పష్టంగా అర్థమైంది. అర్థమైనందుకు మనసు చివుక్కుమంది కూడా. కాళ్లు లాగాయి. చేతులు వదల్లేదు. ఇక అల్లుడు మొదలెట్టాడు. ఇన్ని నెలలది ఒక్కసారిగా వచ్చింది. పొద్దున అన్నది తెలిసింది, తలుపు అన్నది తెలిసింది, మీ అమ్మాయి అన్నది రెండుసార్లు తెలిసింది. మిగతాదంతా రైలు పెట్టెల్లా కళ్లముందు నుంచి పోయింది. బయట క్యూలో ఎవరో తలుపు దబదబ బాదారు.

"కదలొద్దు!" అని గర్జించాడు కదలొద్దుగారు, తల తిప్పకుండా. బాదుడు ఆగిపోయింది.

అల్లుడు చెప్పడం పూర్తయ్యింది. కొంచెం రొప్పుతున్నాడు. మామగారు తల ఊపి సరిపెట్టలేదు. అర్థమైందనీ అనలేదు. మేడ మీద నేర్చుకున్న చిన్న వాక్యం ఒకటి వెతికి పట్టుకుని, "నేను విన్నాను," అన్నాడు అల్లుడి భాషలో. అల్లుడు చేత్తో ఇంటివైపు చూపించి, వచ్చీరాని మన మాటల్లో, "సాయంత్రం... ఇంకా ఉంది," అని చెప్పి వెళ్లాడు.

కదలొద్దుగారు ఇల్లు చేరేసరికి కూతురు వీధి మెట్టు మీదే కాచుకుని ఉంది. "ఏం చేశావు నాన్నా ఆయన్ని? ఫోన్ చేసి, ఆ అద్దె ఇంటివాళ్లకి ఈ నెల రావట్లేదని చెప్పెయ్యమన్నారు."

"ఇంకేమన్నాడు?"

"మీ నాన్న నేను చెప్పేదంతా అయ్యేదాకా నిలబడ్డారు అన్నారు. అదే మాట రెండుసార్లు." కూతురు కళ్లు తుడుచుకుని, వెంటనే గొంతు మార్చేసింది. "ఎక్కువ సంబరపడకు. చెప్పాల్సింది ఇంకా బోలెడుందట. భోజనాల దగ్గర చెప్తారట. మధ్యలో నేను మాట అందిస్తానంటే ఒద్దన్నారు."

ఆయన బూట్లు కూడా విప్పలేదు. అలాగే మేడ మెట్లెక్కాడు. కుర్రాడు మంచం మీద పడుకుని కప్పు వంక చూస్తున్నాడు. లేవబోతుంటే కదలొద్దుగారి నోటిదాకా వచ్చింది కదలకు అని. మింగేసి, తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"మాస్టారూ," అన్నాడు. ఆ ఇంట్లో ఆ కుర్రాణ్ణి ఆయన అలా పిలవడం అదే మొదలు. "భోజనాలకి ఇంకా టైముంది. ఈలోగా నాకొక్కటి నేర్పాలి మీరు. 'నాకు అర్థం కాలేదు, మళ్లీ ఒక్కసారి నెమ్మదిగా చెప్పండి' అని. అదిలించినట్టు కాదు. అడుక్కున్నట్టుండాలి."